ప్రగతి నివేదికను సరిదిద్దండి: పాఠశాల పాలకమండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,

మా వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక అందరి ఎదుటా రాస్తున్నాం.

ఈ ఏటి నివేదికలో ఉత్తీర్ణత శాతాన్ని పరీక్ష రాసినవారి మీద కట్టారు. ఏడాది మొదట్లో చేరినవారి మీద కట్టాలి. 100 మంది చేరి, 80 మంది రాసి, 76 మంది గట్టెక్కారనుకోండి. మీ పద్ధతిలో అది 95 శాతం, అసలు లెక్కలో 76. వెనకబడ్డారని మధ్యలో పంపేసిన పిల్లలు ఆ తేడాలోనే కనబడకుండా పోతున్నారు. వారి చదువు ఏమైందో నివేదికలో ఒక్క ముక్క లేదు.

తరగతులు పెరిగాయి, ప్రయోగశాల బల్లలు పెరగలేదు. ఒక్క బల్ల చుట్టూ ఆరుగురు నిలబడితే బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే కొలత గొట్టం) కొళాయి ఏడాదంతా ఒక అబ్బాయి చేతిలో, రికార్డు పుస్తకం ఒక అమ్మాయి చేతిలో ఉండిపోతాయి. రంగు మారే ఆ చివరి చుక్క దగ్గర కొళాయిని తన చేత్తో ఆపితేనే టైట్రేషన్ (ద్రావణం గాఢతను కొలిచే ప్రయోగం) పట్టుబడుతుంది, పక్కన నిలబడి అంకెలు రాసుకుంటే రాదు. సహవిద్య అంటే ఇది కాదు.

చేరినవారు, మధ్యలో మానినవారు, పరీక్ష రాసినవారు, ఉత్తీర్ణులు ఎందరో బాలబాలికలకు విడివిడిగా చూపుతూ సవరించిన నివేదికను కొత్త ప్రవేశాలకు ముందే ప్రకటించండి. బల్లకు ముగ్గురికి మించకుండా చూసి, ప్రతి ప్రయోగానికీ పనులు మార్చేలా లిఖితపూర్వకంగా ఆదేశించండి.

ఇట్లు,
విద్యార్థుల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు