పెన్షన్ పేరు చెప్పి వేసిన సూది

ఎడిటర్ గారికి నమస్కారం.

కరోనా టీకాల మీద మీ పేజీలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. గట్టిగా చెప్పకపోతే మన జనం వినరని ఒకాయన రాశారు. నా ఒళ్లు నా ఇష్టం, ప్రభుత్వానికేం పని అని ఇంకొకాయన రాశారు. ఇద్దరూ సూది వేయించుకునే వైపు నుంచి మాట్లాడారు. నేను వేసిన మనిషిని. ప్రకాశం జిల్లాలో ముప్పై రెండేళ్లు ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో టీకాలు వేసే నర్సుగా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. అప్పుడు నేనొక తప్పు చేశాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

2021 జూన్ 20, ఆదివారం. ఆ ఒక్క రోజే ఆంధ్రప్రదేశ్‌లో 13 లక్షలకు పైగా డోసులు వేశాం. మాకూ గర్వంగానే ఉండింది. 45 ఏళ్లు దాటినవాళ్లకూ, ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకూ ముందు వేయమన్నారు. మా ఊళ్లో బడి వరండాలో బల్ల వేసుకుని పొద్దున్నే కూర్చున్నాం. కోవిషీల్డ్ సీసాలో పది డోసులుంటాయి. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. పారేస్తే ఎందుకు పారేశామో చెప్పుకోవాలి. మధ్యాహ్నం చివరి సీసా తెరిచాక తొమ్మిది మంది వచ్చారు. పదో మనిషి లేదు. పైనుంచి గంటగంటకూ ఫోన్లు, ఎంతమంది అయ్యారు, ఇంకా ఎంతమంది అని. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

బడి వెనక సందులో ఒక పెద్దమ్మ ఉంటుంది. భర్త లేడు. అప్పటికే రెండుసార్లు పిలిస్తే రానంది. ఆవిడ తమ్ముడి కొడుకు మే నెలలో టీకా వేయించుకున్న వారానికే కరోనాతో పోయాడు. సూది వల్లే పోయాడని ఆవిడ నమ్మకం. అతనికి సూదికి ముందే వైరస్ సోకి ఉండొచ్చని, టీకా వేసిన మర్నాటికే రక్షణ రాదని, దానికి రెండు మూడు వారాలు పడుతుందని పక్కన కూర్చుని చెప్పాలి. పావుగంట పని. ఆ పావుగంట నా దగ్గర లేదనుకున్నాను. వాకిట్లో నిలబడే, "సూది వేయించుకోకపోతే వచ్చే నెల పెన్షన్ రాదు పెద్దమ్మా, ఇక నీ ఇష్టం" అన్నాను.

పెన్షన్ మాట చెప్పి, నీ ఇష్టం అని కూడా అన్నాను.

అప్పట్లో పెన్షన్ 2,250 రూపాయలు. ఒకటో తారీఖు తెల్లారేసరికి వాలంటీరు వచ్చి ఇచ్చే ఆ డబ్బుతోనే ఆవిడ నెలంతా గడవాలి. మారు మాట్లాడలేదు. కొంగు సర్దుకుని నా వెనకే వచ్చింది. సూది వేస్తుంటే మొహం పక్కకు తిప్పుకుంది. అరగంట కూర్చోబెట్టి, పారాసిటమాల్ మాత్రలిచ్చి పంపాను. జ్వరం కూడా రాలేదు. నా సీసా లెక్క సరిపోయింది.

పెన్షన్ ఆపమని నాకు ఎవరూ కాగితం ఇవ్వలేదు. అందరూ అంటుంటే నేనూ అన్నాను. అదే ఏడాది అక్టోబరులో తెలంగాణలో రేషన్, పెన్షన్ ఆపేస్తారని ప్రచారం జరిగితే, అది నిజం కాదని అక్కడి ఆరోగ్యశాఖ చెప్పాల్సి వచ్చింది. ఇష్టం లేనివాళ్లకు టీకా వేయాలని ఎక్కడా చెప్పలేదని 2022 జనవరిలో కేంద్రమే సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ మే 2న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల తీర్పు వచ్చింది. మనిషికి తన ఒంటి మీద ఉన్న హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే ఆర్టికల్ 21 కిందికే వస్తుంది కాబట్టి ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదన్నారు. పదిమంది ఆరోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని కూడా అదే తీర్పులో అన్నారు. మీకు ఉత్తరాలు రాసిన ఇద్దరూ ఆ తీర్పులో చెరో సగమే చదివినట్టున్నారు. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందుల వివరాలు జనానికి అందుబాటులో పెట్టాలని కూడా కోర్టు చెప్పింది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఆ మాటే.

ఎందుకంటే, కోవిషీల్డ్ వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టవచ్చని 2024లో టీవీల్లో వచ్చినప్పుడు మా వీధి ఆడవాళ్లంతా నా ఇంటికొచ్చారు. "ఇన్నాళ్లూ దాచారా నర్సమ్మా?" అని అడిగారు. ఆ సంగతి డాక్టర్లు 2021లోనే గుర్తించారు. ఎంత అరుదో, టీకా లేకపోతే కరోనాతో వచ్చే ముప్పు ఎంతో అప్పుడే మా నోటితో చెప్పి ఉంటే, మూడేళ్ల తర్వాత అది దాచిపెట్టిన గుట్టులా వినిపించేది కాదు. నేను టీకాను నమ్మిన మనిషిని. రెండో వేవులో నాతో పనిచేసిన ఆశా కార్యకర్త ఒకామె ఆక్సిజన్ బెడ్ దొరక్క పోయింది. ఆమె రెండో డోసు ఇంకా పడలేదు.

మాస్కు గురించి ఒక మాట. అప్పుడు మాస్కు లేనివాళ్లను వేలెత్తి చూపిన మనమే ఇప్పుడు పెట్టుకున్నవాళ్లను చూసి నవ్వుతున్నాం. మా ఆయనకు కిడ్నీ మార్పిడి అయింది. జలుబు కూడా ఇంటికి తేకూడదని ఆర్టీసీ బస్సులో నేను మాస్కు పెట్టుకుంటాను. మొన్న ఒక పెళ్లిలో ఫొటో కోసం తీసేదాకా బంధువులు ఊరుకోలేదు. పెట్టుకోమన్నా తీసేయమన్నా ఎందుకని ముందు అడగాలి కదా.

ఆ పెద్దమ్మ కోడలికి కిందటేడు బాబు పుట్టాడు. తొమ్మిది నెలలు నిండాక వేయాల్సిన మీజిల్స్-రుబెల్లా టీకాకు తీసుకురాలేదు. నా తర్వాత వచ్చిన ఏఎన్ఎం అమ్మాయి టీకాలు వేసే రెండు బుధవారాలు చూసి నాకు చెప్పింది. నేను వెళ్తే ఆ కోడలు, "మా అత్తకు చెప్పినట్టు నాకూ ఏదో ఒకటి ఆపేస్తామని చెప్తారా?" అంది. పెద్దమ్మ లోపల మంచం మీదే ఉంది, బయటికి రాలేదు.

2017 ఆగస్టులో ఇదే టీకా బళ్లలో వేసేటప్పుడు కూడా వాట్సాప్‌లో భయాలు తిరిగాయి. తల్లులు బడి గేటు దగ్గరే ఆగిపోయారు. అప్పుడు మాకు టైమిచ్చారు. తల్లులతో మాట్లాడాం, నా మనవరాలికి వాళ్ల ముందే వేయించాను. రెండు రోజులకు ఒక్కొక్కరే లోపలికొచ్చారు. ఎవరికీ ఏదీ ఆపేస్తామనలేదు.

మళ్లీ ఎప్పుడైనా ఇలాంటి రోగమొస్తే టీకాను రేషన్‌తో, పెన్షన్‌తో ముడిపెట్టవద్దని అధికారులకు మీ ద్వారా విన్నవిస్తున్నాను. ఏఎన్ఎంలను ఎన్ని వేశావనే కాక, ఎంతమందితో కూర్చుని మాట్లాడావని కూడా అడగండి. సీసాలో ఒక డోసు మిగిలితే మిగలనివ్వండి.

ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను. మూడోసారి, పెన్షన్ మాట అబద్ధమని, భయపెట్టి వేశానని పెద్దమ్మతోనే చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, కోడలిని మంచినీళ్లు తెమ్మంది. నాలుగోసారి కోడలు టీకా కార్డు తెచ్చి ఇచ్చింది, జ్వరమొస్తే ఏం చేయాలో అడిగింది. ఈ బుధవారం బాబును తీసుకొస్తానంది. నేనూ వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
ప్రకాశం జిల్లా
(ఊళ్లో ఆ కుటుంబం గురించి తెలియకూడదని పేరు రాయలేదు)