మేడ మీద ఉన్నది దయ్యం కాదు, మా బట్టీ గాలి

నమస్తే. వరంగల్ మట్టెవాడలోని మన హోటల్ పదకొండు రోజులుగా మూసి ఉంది. ఎందుకని రోజూ ఫోన్లు వస్తున్నాయి. "పైన దయ్యం ఉన్నదట గదా అన్నా, నిజమేనా?" అని అడిగినవాళ్లే ఎక్కువ. జరిగింది జరిగినట్టు చెప్తాను.

పోయిన దీపావళి తర్వాత ఈ మాట మొదలైంది. మేడ మీద ఫ్యామిలీ గదిలో, మెట్ల పక్క మూల టేబుల్ దగ్గర కూర్చుంటే తల బరువెక్కుతోందని, ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టు ఉందని కొందరు చెప్పారు. ఒకామెకు వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించిందట. రోడ్డు మీదికొచ్చి కాసేపు గాలి పీలిస్తే తేలికపడేవారు. "గడప దాటితే వదిలేస్తుంది, అది ఈ ఇంటిదే" అని జనం తేల్చేశారు. ఎవరో వీడియో పెట్టారు. జనగామ నుంచి, కరీంనగర్ నుంచి కుర్రాళ్లు "ఆ టేబులే కావాలి" అంటూ వచ్చారు. శని, ఆదివారాలు బేరం పెరిగింది. నేను ఔననలేదు, కాదనలేదు. మా వంట మాస్టర్ గుమ్మానికి నిమ్మకాయలు కడితే చూసి ఊరుకున్నాను.

పన్నెండు రోజుల కింద రాత్రి, పైన ప్లేట్లు తీస్తున్న మా పని కుర్రాడు మెట్ల మీదే కూలబడ్డాడు. వాంతి చేసుకున్నాడు. ఎక్కడున్నాడో చెప్పలేకపోయాడు. "గాలి సోకింది, కాజీపేట దర్గాకు తీసుకుపోదాం" అన్నారు తోటివాళ్లు. నేను ఆస్పత్రికి తీసుకెళ్లాను. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ 98 చూపించింది. అది చూసి నాకు టెన్షన్ తగ్గింది గానీ, డాక్టరమ్మకు తగ్గలేదు. "ఈ పిల్లగాడు పనిచేసే దగ్గర బొగ్గుల పొయ్యి ఉందా?" అని అడిగింది. రక్తపరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ అని తేలింది. ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజు ఇంటికొచ్చాడు, ఇప్పుడు బాగున్నాడు. ఖర్చు, ఈ నెల జీతం మావే.

ఆమె చెప్పింది మీకూ తెలియాలి. బొగ్గులు సరిగా గాలి ఆడనిచోట కాలితే ఈ వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్ లీకైతే తెలియాలని వాసన కలుపుతారు, దీనికి ఆ దారి కూడా లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ రక్తాన్ని వేలి మిషన్ మంచి రక్తమనే అనుకుంటుంది, అందుకే ఆ 98. తలనొప్పి, వికారం, ఛాతీ పట్టేయడం, మనసు కలతపడటం దీని లక్షణాలు. ఎక్కువైతే ప్రాణమే పోతుంది. 1921లో విల్మర్ అనే అమెరికా కంటి డాక్టర్ ఒక కుటుంబం సంగతి వైద్య పత్రికలో రాశారట. పాత ఇంట్లో అడుగుల చప్పుళ్లు, ఎవరో ఉన్నట్టు భయం, ఇంటిల్లిపాదికీ తలనొప్పులు. చివరికి చూస్తే ఇల్లు వేడిచేసే పొయ్యి పాడై, పొగ గదుల్లోకి వస్తోంది. అది చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తప్పు ఇంటిది కాదు, నాది. అజంజాహి మిల్లు నడిచిన రోజుల్లో బట్టల వ్యాపారి కట్టించిన బంగ్లా ఇది. డంగుసున్నం గోడలు, టేకు దూలాలు, పైకప్పు కింద వరసగా గాలి కన్నాలు. కింద పుట్టిన వేడి మెట్ల మీదుగా పైకి పోయి ఆ కన్నాల్లోంచి బయటపడేది. పోయిన ఎండాకాలంలో ఏసీ పెట్టిస్తూ, చల్లదనం పోతుందని ఆ కన్నాలు, వెనక కిటికీ ప్లైవుడ్‌తో మూయించాను. చలికాలం వచ్చాక వంటింటి పెరటి తలుపు కూడా వేసుకున్నాం. తందూరి బట్టీ గాలి మెట్లెక్కి, ఆ మూల టేబుల్ దగ్గరే నిలిచిపోయింది. చిన్నపిల్లలు కూర్చున్న చోటు అది. తలుచుకుంటే చేతులు వణుకుతున్నాయి.

ఈ బంగ్లా ఓనరమ్మ విషయం ఇంకొకటి. వీడియోలో దయ్యమన్నది వాళ్ల అత్తగారిని. ఆ ముసలామె మేడ మీద గదిలోనే పోయింది, అందరిలాగే వయసు మీద పడి. "బిడ్డా, మా అత్త ఎంతమందికి అన్నం పెట్టిందో ఈ గల్లీని అడుగు. గామెను దయ్యమంటుంటే నువ్వు గల్లా మీద కూసొని చూసుకుంట ఉన్నవ్" అని ఆ పెద్దమ్మ ఏడ్చింది. నా దగ్గర జవాబు లేదు. కాళ్లకు దండం పెట్టి వచ్చాను. ఆ వీడియో ఉన్నవాళ్లు దయచేసి తీసేయండి.

రాత్రిళ్లు మెట్లు కిర్రుమనేది నిజమే. పగటి వేడికి సాగిన టేకు, చలికి ముడుచుకున్నప్పుడు చేసే చప్పుడది. అటక మీద అరుపు గుడ్లగూబది. దాన్ని కదిలించం, ఎలుకలను అదే పడుతోంది.

బట్టీని పెరట్లోకి, రేకుల కిందికి మార్చాం. కన్నాలు, కిటికీ తెరిపించాం, ఏసీ తీసేశాం. ఈ వాయువు వస్తే మోగే అలారం పైన ఒకటి, వంటింట్లో ఒకటి పెట్టాం. మూల టేబుల్ తీసేశాం. శుక్రవారం పొద్దున సర్వపిండితో మొదలుపెడుతున్నాం. బగారా అన్నం, నాటుకోడి ఎప్పటిలాగే. తందూరి రొట్టె మాత్రం ఇంకో వారం ఉండదు, కొత్త బట్టీ ఆరాలి.

దీపావళి నుంచి ఇప్పటిదాకా పైన కూర్చుని తలనొప్పో వాంతో అయినవాళ్లు, ముఖ్యంగా గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు ఉంటే, ఒకసారి డాక్టరుకు ఈ సంగతి చెప్పి చూపించుకోండి. ఆ ఫీజు నేనిస్తాను. బిల్లు కాగితం లేకపోయినా ఫరవాలేదు, వచ్చి చెప్పండి చాలు.