ఫిట్స్ తేదీ పక్కనే నెలసరి తేదీ కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నేను చిక్కడపల్లిలో మా ఇంటి ముందు గదిలోనే బ్లౌజులు కుట్టే షాపు నడుపుతున్నాను. పోయిన నెల లైనింగ్ గుడ్డ కొనడానికి సుల్తాన్ బజార్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో కోఠి బస్టాపులో నిలబడి ఉన్నాను. పక్కనే ఇరవై ఏళ్ల అబ్బాయి ఉన్నట్టుండి కింద పడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోటి వెంట నురగ. ఒకాయన బండి తాళాలు తీసి ఆ అబ్బాయి గుప్పిట్లో కుక్కాడు. ఇంకొకాయన చెప్పు విడిచి ముక్కు దగ్గర పెట్టాడు. ఒకామె పళ్ల మధ్య దువ్వెన పెట్టబోయింది. "వద్దమ్మా, పన్ను విరుగుతుంది" అని ఆపి, నా గుడ్డ కట్ట తల కింద పెట్టాను. చొక్కా పైగుండీ విప్పి, మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టాను. అలా ఉంటేనే నురగ బయటికి కారిపోయి ఊపిరి ఆడుతుంది. ఫోన్‌లో టైం చూస్తూ పక్కనే కూర్చున్నాను. రెండు నిమిషాలు కూడా కాకముందే ఆగిపోయింది. "చూశారా, ఇనుము పెట్టగానే తగ్గింది" అన్నాడు తాళాలాయన, ఎంతో నమ్మకంగా.

ఆయన్ని నేను తప్పు పట్టను. చాలావరకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఆ కాసేపట్లో చేతిలో ఏది పెట్టినా పేరు దానికే వస్తుంది. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోయినా, స్పృహ రాకముందే మళ్లీ మొదలైనా 108కి ఫోన్ చేయాలి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో మంచినీళ్లు కూడా పోయకూడదు. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. ఇవన్నీ మా అమ్మాయి వల్ల నాకు తెలిసొచ్చాయి.

తనకిప్పుడు 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. తొమ్మిదో తరగతిలో ఉండగా ఉదయం ప్రార్థనలో నిలబడి నిలబడి పడిపోయింది. గాలి సోకిందన్నారు మావాళ్లు. తాయెత్తు కట్టించాం. అలా ఆరు నెలలు పోయాయి. ఆ ఆరు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మిగతా పిల్లలు భయపడుతున్నారు, కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుకోండి అన్నారు బడివాళ్లు. ఇదేమైనా అంటుకునే జబ్బా? మెదడు కణాల మధ్య నడిచే విద్యుత్ సంకేతాలు కాసేపు అదుపు తప్పితే వచ్చేది మూర్ఛ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి ఇది ఉంది. సరైన వైద్యం అందితే వాళ్లలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరని కూడా ఆ సంస్థే చెబుతోంది.

మాత్రలు మొదలుపెట్టాక కొంత తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. పైగా ఏడాదిలో తొమ్మిది కిలోలు పెరిగింది. నెలసరి ఒక్కోసారి రెండు నెలలకు గానీ రావడం లేదు. చుట్టాలేమో "తిండి తగ్గించమను" అనేవాళ్లు. పిల్ల అన్నం పళ్లెం ముందు కూర్చుని ఏడ్చేది. నాకూ టెన్షన్ పట్టలేక, మాత్రలు మాన్పిద్దామా అనుకున్న రోజులున్నాయి. మాన్పించకపోవడమే మంచిదైంది. ఈ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుందట.

దారి చూపింది ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోని జూనియర్ డాక్టరమ్మ. నా కొలతల పుస్తకం వెనక పేజీల్లో ఫిట్స్ తేదీలు రాసుకునేదాన్ని. ఆమె అది చూసి, "నెలసరి తేదీలు కూడా ఈ పక్కన రాయండి" అంది. అప్పటిదాకా ఏ డాక్టరూ ఆ మాట అడగలేదు, మేమూ సిగ్గుపడి చెప్పలేదు. గోడ మీది క్యాలెండర్‌లో పిల్ల పెట్టుకున్న చుక్కలు చూసి ఎర్ర పెన్నుతో రాశాను. పదకొండు ఫిట్స్‌లో ఎనిమిది నెలసరికి మూడు రోజులు ముందో, మొదటి రెండు రోజుల్లోనో ఉన్నాయి. ఆ పేజీ చూసి తల్లీకూతుళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆడవాళ్ల ఒంట్లో ఉండే హార్మోన్లలో ఈస్ట్రోజెన్ అనేది మెదడు కణాలను రేపుతుందట, ప్రొజెస్టిరాన్ అనేది వాటిని శాంతపరుస్తుందట. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ గబుక్కున పడిపోతుంది. అందుకే కొందరు ఆడవాళ్లకు సరిగ్గా ఆ రోజుల్లోనే ఫిట్స్ ఎక్కువవుతాయి. ఇక బరువు, నెలసరి ఆలస్యం విషయానికొస్తే, మా అమ్మాయి వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు వల్ల కొందరికి అలా జరుగుతుందని ఆ డాక్టరమ్మే చెప్పింది. గర్భిణులు వాడితే కడుపులో బిడ్డకు కూడా ప్రమాదం కాబట్టి, పెళ్లీడు పిల్లలకు వీలైనంతవరకు వేరే మందు ఇస్తారట. కొన్ని వారాలు పట్టించి, నెమ్మదిగా మందు మార్చారు. గత ఏడు నెలల్లో పుస్తకంలోకి ఎక్కినవి రెండే.

హార్మోన్ల సంగతి ఆడపిల్లలతో అయిపోదు. మా వీధిలో ఒక పెద్దాయన పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ చేయకుండానే బ్యాంకుకు బయల్దేరి గుమ్మంలోనే పడిపోయాడు. ఒళ్లంతా చెమట, ఆపైన ఫిట్స్. మూర్ఛ రోగం అనుకున్నారు. షుగర్ చూస్తే 38. ఇన్సులిన్ కూడా హార్మోనే, అది రక్తంలోని చక్కెరను తగ్గిస్తుంది, మరీ పడిపోతుంటే గ్లూకగాన్ అనే హార్మోన్ లివర్‌లోంచి చక్కెర విడుదల చేయిస్తుంది. ఇంజెక్షన్ వేసుకుని తినకపోతే ఈ లెక్క తప్పి మెదడుకు చక్కెర అందదు. 108 వాళ్లు వచ్చి నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాక లేచి కూర్చున్నాడు. ఫిట్స్ వచ్చిన ప్రతివాళ్లకూ మూర్ఛ వ్యాధి ఉందని ముద్ర వేయకూడదని అప్పుడు తెలిసింది.

పెళ్లి మాట కూడా చెప్పాలి. ఫిట్స్ ఉన్న పిల్ల పెళ్లి చట్టం ప్రకారం చెల్లదని మా బంధువొకాయన నా మొహం మీదే అన్నాడు. చట్టంలోంచి మూర్ఛ అనే మాటను 1999లోనే తీసేశారు. అలాగని మేం దాచం. సంబంధం వస్తే కొలతల పుస్తకం తీసి చూపించే మాట్లాడతాం.

నవంబర్ 17న జాతీయ మూర్ఛ దినం జరుపుతారు. ఒక్క రోజు ర్యాలీతో సరిపోదండీ. ఆర్టీసీ కండక్టర్లకు, మెట్రో స్టేషన్ల సెక్యూరిటీ వాళ్లకు, బడుల్లో పీఈటీలకు ఒక్క పూట శిక్షణ ఇస్తే చాలు. బస్తీ దవాఖానాల్లో ఫిట్స్ ఉన్న ఆడపిల్లలకు రెండు గడుల కార్డు ఇవ్వండి, ఒక గడిలో ఫిట్స్ తేదీ, రెండో గడిలో నెలసరి తేదీ. మీ పత్రిక సిటీ పేజీలో, ఫిట్స్ వస్తే ఏం చేయాలో పెద్ద అక్షరాలతో ఒక చిన్న బాక్స్ వేయండి. కత్తిరించి మా షాపు తలుపుకు అంటిస్తాను. కుట్టు కోసం రోజూ ఇరవై, ముప్పై మంది ఆడవాళ్లు ఆ తలుపు ముందే నిలబడతారు.

ఇట్లు,
ఒక తల్లి,
చిక్కడపల్లి, హైదరాబాద్