స్టెప్నీకి గాలి కొట్టించినావా?

రేయ్ మామా,

కారు కొన్నావని నీ మెసేజ్ చూసి సంతోషపడినా. కానీ వచ్చే నెల పిల్లోళ్లను ఎక్కించుకుని బెంగళూరు నుంచి తిరుమల కొండకు దాంట్లోనే వస్తామని రాసినావు చూడు, అక్కడ మొదలైంది నాకు టెన్షన్. సెకండ్ హ్యాండ్ బండి, పైగా నువ్వు! సైకిల్ చైను ఊడినా నన్ను పిలిచేవాడివి. ఫోన్‌లో చెబితే "సరేలే" అని మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

పోయిన జూన్‌లో నాకు జరిగింది నీకు మొత్తం చెప్పలేదు. అక్క ఇంటి నుంచి అమ్మను తీసుకొస్తున్నా. పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగి, బంగారుపాళ్యం ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా స్టీరింగ్ ఎడమకు లాగింది. ముందు టైరు చప్పగా అయిపోయింది. సడన్ బ్రేక్ వేయకుండా మెల్లగా పక్కకు తీసి, ఇండికేటర్లు నాలుగూ వేసి, అమ్మను రోడ్డుకు దూరంగా మామిడి చెట్టు కింద కూర్చోబెట్టినా. అంతవరకు బాగానే ఉంది.

ఆ తర్వాత నా తెలివి చూడు. నట్లు వదులు చేయకుండా ముందే జాకీ ఎక్కించినా. పానా పెట్టి తిప్పితే నట్టుతో పాటు చక్రమే తిరుగుతోంది. మళ్లీ కిందికి దించి చూస్తే, అంతకుముందు టైర్లు మార్చిన షాపువాడు ఎయిర్ గన్‌తో ఎంత బిగించినాడో ఏమో, చేత్తో కదల్లేదు. పానా మీద కాలు పెట్టి బరువంతా వేస్తే కీచుమని అరిచి వదిలింది. ఈసారి జాకీ వాన తడిసిన మట్టిలోకి దిగబడింది, దాని కింద బండ పెట్టాల్సి వచ్చింది. ఇదంతా అయ్యాక డిక్కీలోంచి అక్క ఇచ్చిన పనసకాయ, దుప్పట్లు అన్నీ దించి స్టెప్నీ తీసి కింద వేస్తే, ఎగరకుండా గోనెసంచి మాదిరి పడింది. గాలి లేదురా దాంట్లో!

కారును జాకీ మీద వదిలిపెట్టి పోకూడదు కాబట్టి పాత చక్రమే మళ్లీ బిగించి దించేసి, తోతాపురి మామిడికాయలతో పోతున్న ట్రాక్టర్‌ను ఆపి, ఆ కాయల మీదే స్టెప్నీని ఒళ్లో పెట్టుకుని బంగారుపాళ్యం పోయినా. పంచర్ షాపాయన దాన్ని చూసి, "కొన్నాక దీన్ని బయటికి తీయడం ఇదేనా సార్ మొదటిసారి?" అన్నాడు. ఏం చెప్పాలి?

అందుకే నువ్వు ముందు స్టెప్నీ చూడు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, ఎంత గాలి ఉండాలో అందులో రాసి ఉంటుంది. ఫుల్ లోడ్‌కు వేరే లెక్క ఉంటే, మీరంతా కలిసి వచ్చేటప్పుడు అదే పట్టించు. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. దూరం తోలాక టైరు వేడెక్కి ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, ఎక్కువైందని అప్పుడు గాలి తీసేయొద్దు.

తర్వాత వయసు. టైరు పక్క గోడ మీద డీఓటీ అని ఉన్న వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 1419 అంటే 2019లో 14వ వారం తయారైందని. అమ్మినాయన "టైర్లు కొత్తవే సార్, పైన గాడులు చూడండి" అని ఉంటాడు. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిది కావచ్చు, వాడకుండా పడున్న స్టెప్నీ సంగతి అదే. గాడి అడుగున చిన్న దిమ్మెలు కనబడతాయి, పైరబ్బరు వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, ఇక మార్చేయాల్సిందే. పక్క గోడ ఎక్కడైనా బుడిపెలా ఉబ్బినా, కోసుకున్నా ఆ టైరుతో ఘాట్ ఎక్కొద్దు, దానికి పంచర్ వేయించినా పనికిరాదు. మేకు దిగి గాలి పోకుండా ఉంటే లాగి చూడకు, అలాగే మెల్లగా షాపుకు పో.

మార్చాల్సి వస్తే గట్టి నేల చూసుకో. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, ఎత్తే చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి రాళ్లు అడ్డం పెట్టు. ఎర్ర హెచ్చరిక త్రికోణం బండికి బాగా వెనకాల పెట్టు. జాకీ పెట్టే చోటు బాడీ అంచు కింద గుర్తుగా ఉంటుంది, ఎక్కడపడితే అక్కడ పెడితే రేకు లోపలికి పోతుంది. బండి కిందికి మాత్రం తల పెట్టొద్దు, నీకు వంగి చూసే అలవాటు ఉంది! నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురువి బిగించుకుంటూ రా, చివరి బిగింపు చక్రం నేలను తాకినాక. కొంచెం దూరం పోయాక ఆగి మళ్లీ ఒకసారి చూడు.

కొండ కింద అలిపిరిలో సామానంతా చెక్ చేస్తారు గానీ టైర్లు నువ్వే చూసుకోవాలి. దిగేది 1944 నాటి పాత రోడ్డు, మలుపు మీద మలుపు, సెకండ్ గేర్‌లోనే రా, ఊరికే బ్రేకు మీద కాలు పెట్టకు.

రేపు పొద్దున ఐదు టైర్ల నంబర్లూ ఫోటో తీసి పంపు, చూసి చెబుతా. అమ్మ మీ కోసం ఇప్పటినుంచే ప్లాన్ వేస్తోంది: కొండ ఎక్కేముందు పప్పన్నమే, దిగినాకే సంగటి, నాటుకోడి.

నీ
మామ