హిప్పోలు, అనాథలు, క్రిమినల్స్

ఒరే శీనూ,

పిల్లాడి చొక్కా మీద ఆ నీటిఏనుగు బొమ్మేమిట్రా అని అడిగావుగా. ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం.

మేముండే హట్టో, టెక్సస్‌లో ఆస్టిన్ పక్కన ఊరు. ఇక్కడి హైస్కూలు జట్టు పేరు హిప్పోస్. 1915లో ఓ సర్కస్ రైలు ఈ ఊళ్లో ఆగిందిట. అందులోంచి హిప్పో ఒకటి తప్పించుకుని కాటన్‌వుడ్ వాగులో దిగి, ఎంత బతిమాలినా బయటికి రాలేదుట. నిజమో, కోతలో! ఊరంతా మాత్రం సిమెంటు హిప్పోలే. కొట్ల ముందు, ఇళ్ల ముందు, ఎటు చూసినా అవే. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే ఇక్కడ జాతరే అనుకో.

ఈ అమెరికాలో ప్రతి హైస్కూలుకీ ఇలా ఓ పేరుంటుంది. చాలావరకు పులులు, గద్దలు, విసుగు పుట్టిస్తాయి. ఊరి పనిని పేరుగా పెట్టుకున్నవాళ్లంటేనే నాకు ముచ్చట. ఇల్లినాయ్‌లో హుప్‌స్టన్ అని మొక్కజొన్న డబ్బాలకెత్తిన ఊరు, దాని జట్టు కార్న్‌జర్కర్స్. అంటే కండెలు విరిచేవాళ్లు. వాషింగ్టన్ రాష్ట్రంలో కమాస్ ఊళ్లో కాగితం మిల్లుంది, వాళ్లు పేపర్‌మేకర్స్. మీ రాజమండ్రి పేపరు మిల్లు కుర్రాళ్లకి ఈ బుద్ధి ఎందుకు పుట్టలేదురా?

అసలు మజా ఎదుటివాళ్లు తిట్టిన తిట్టునే బిరుదు చేసుకున్నవాళ్లది. అరిజోనాలో యూమా హైస్కూలు 1910లో కాలిపోతే, ఖాళీగా ఉన్న పాత జైల్లో నాలుగేళ్లు పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లోనే వీళ్లు ఫీనిక్స్ జట్టుని ఓడిస్తే, ఉక్రోషంతో వాళ్లు ‘క్రిమినల్స్’ అన్నారు. వీళ్లేమో సరే అని అదే ఉంచేసుకున్నారు! స్కూల్లో చొక్కాలమ్మే కొట్టు పేరు కూడా ‘సెల్ బ్లాక్’, అంటే జైలు గదుల వరస. ఇల్లినాయ్‌లోనే సెంట్రేలియా జట్టు అతుకుల బట్టలతో ఆడుతుంటే ఎవరో అనాథల్లా ఉన్నారన్నారుట. అప్పట్నించీ ఆ జట్టు ఆర్ఫన్స్, ఆడపిల్లల జట్టు ఆనీస్ (‘లిటిల్ ఆర్ఫన్ ఆనీ’ అనే బొమ్మల కథలో అనాథ పిల్ల పేరు).

మనల్ని తిట్టిన తిట్టు మనం తగిలించుకుంటే దర్జా. ఇంకొకళ్లని తిట్టే మాట తగిలించుకుంటే అది దర్జా ఎలా అవుతుంది? చైనా రాజధాని పాత పేరున్న పీకిన్ అనే ఇల్లినాయ్ ఊరుంది. అక్కడి స్కూలు చైనావాళ్లని ఈసడించే మాటనే దశాబ్దాలపాటు జట్టు పేరుగా వాడింది. 1964లో రాష్ట్ర బాస్కెట్‌బాల్ కప్పు కూడా ఆ పేరుతోనే గెలిచింది. 1980కి గానీ డ్రాగన్స్‌గా మార్చలేదు. అప్పుడు కూడా ఊళ్లో అలిగినవాళ్లున్నారట! నేటివ్ అమెరికన్ల, అంటే ఇక్కడి ఆదివాసుల, పేర్లు జట్లకి పెట్టే గొడవ సరేసరి, ఇంకా నడుస్తోంది. మెయిన్ (Maine) అనే రాష్ట్రం 2019లో చట్టం చేసి మరీ అలాంటి పేర్లు వద్దంది. సంప్రదాయం పోతోందని ఏడ్చేవాళ్లతో నాకు వాదించే ఓపిక లేదు.

ఇంతకీ మీ బావగారు పోలీసు శాఖలోనే ఉన్నారుగా? యూమా నుంచి ఆయనకో ‘క్రిమినల్స్’ చొక్కా తెప్పిస్తా. అక్కయ్యకి చెప్పకుండా సైజు కనుక్కుని రాయి.

నీ
రఘు