రబ్బింగ్ పాలిష్ మూడు నెలలు ఎందుకు ఆపానో, ఇప్పుడు మళ్ళీ ఎలా చేస్తున్నానో

అందరికీ నమస్కారమండి. మార్చి నుంచి పాలిష్ కోసం ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ వాష్ చేస్తాం, ఇంటీరియర్ చేస్తాం, రబ్బింగ్ పాలిష్ మాత్రం ఇప్పుడు చేయట్లేదని చెప్తూ వచ్చా, ఎందుకని గట్టిగా అడిగిన కొంతమందికి మిషన్ రిపేర్‌లో ఉందని చెప్పా. అది అబద్ధమండి. మిషన్ బాగానే ఉంది. రోటరీ పాలిషర్ వాడటం నాకు సరిగ్గా రాకుండానే మీ కార్ల మీద వాడాను, అది తెలిశాక ఆపాను. ఆ అబద్ధం విన్నవాళ్ళలో నాలుగేళ్ళుగా నా దగ్గరికే వస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి ముందుగా సారీ.

జరిగింది మొత్తం చెప్తా. మన షాపులో మొదట్నుంచీ ఉన్నది డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిష్ మిషన్. అందులో ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగుతుంది కూడా, గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది, అందుకే దాంతో పెయింట్ కాల్చేయడం అంత తేలిక కాదు, కొత్తవాళ్ళ చేతిలో కూడా చాలావరకు భద్రం. కాకపోతే మన విజయవాడలో బోరు నీళ్ళతో కడిగీ కడిగీ ఉప్పు మరకలు పట్టిన బానెట్ వచ్చిందంటే డీఏతో పొద్దున్నించి సాయంత్రం దాకా రుద్దాలి. రోటరీ అట్లా కాదు, గ్రైండర్ లాగా ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది, ఎంత నొక్కినా ఆగదు, ఊలు ప్యాడ్ వేసి కాంపౌండ్, అంటే గీతలు తీసే పేస్టు, పెడితే డీఏతో గంట పట్టే పని పావుగంటలో అయిపోతుంది. రోజుకి ఒక కారు బదులు రెండు చేయొచ్చని లెక్కేసుకుని సంక్రాంతికి ముందు కొన్నా. వీడియోలు ఒక పది చూశా, మా ఇంట్లో పాత బండి మీద ఒక మధ్యాహ్నం ప్రయత్నించా, బాగానే వచ్చిందనిపించింది, ఆ వారంలోనే కస్టమర్ల కార్ల మీద మొదలుపెట్టేశా. అక్కడే తప్పు చేశా.

నెలన్నరలో పదకొండు కార్లు చేశాను. తీసుకెళ్ళేటప్పుడు అందరూ మెచ్చుకున్నారు, ఇద్దరు ఫోటోలు తీసి స్టేటస్ పెట్టుకున్నారు కూడా. ఫిబ్రవరి చివర్లో రిటైరైన టీచర్ గారు ఒకావిడ తన నల్ల కారు తీసుకుని వచ్చారు, నేను ఇచ్చి అప్పటికి ఐదు వారాలు. షెడ్డులోకి తేలేదు, రోడ్డు పక్కన ఎండలోనే ఆపి నన్ను పిలిచారు. "బాబూ, నువ్వు ఇచ్చిన రోజు అద్దంలా ఉంది. ఇప్పుడు ఇటు పక్క నుంచి చూడు ఒకసారి" అన్నారు. చూశా. బానెట్ నిండా చీపురుతో అలికినట్టు చారలు, మనం పక్కకి జరిగితే అవి కూడా మనతోపాటు జరుగుతున్నాయి. వాటినే హోలోగ్రామ్స్ అంటారు. రోటరీ ప్యాడ్‌ని సమంగా ఆనించకుండా ఒక అంచు మీద ఎత్తి నడిపితే ఆ అంచు పెయింట్‌ని కోస్తూ పోతుంది, ఆ చారలు అవి. ఊలు ప్యాడ్‌తో ఇంకా ఎక్కువ.

మరి ఇచ్చిన రోజు ఎందుకు కనపళ్ళేదంటే, ఈ విషయం మీ అందరికీ తెలియాలి, ఎక్కడ పాలిష్ చేయించుకున్నా సరే. చాలా కాంపౌండ్లలో నూనెలు ఉంటాయి, కొన్నిట్లో గీతల్ని పూడ్చే పదార్థాలు కూడా ఉంటాయి. పని అవ్వగానే అవి సన్న గీతల్లో నిండిపోయి పెయింట్ నున్నగా కనపడుద్ది, నాలుగైదు సార్లు షాంపూతో కడిగేసరికి అవి పోతాయి, కింద ఉన్నది బయటపడుద్ది. పైగా నా షెడ్డులో ఉన్నవి ట్యూబ్ లైట్లు, వాటి కింద హోలోగ్రామ్స్ దాదాపు కనపడవు. ఎండలో కనపడతాయి, రాత్రిపూట పెట్రోల్ బంకులో లైట్ల కింద కనపడతాయి. అంటే ఆ నెలన్నరలో మీరు డబ్బులు కట్టిన మెరుపులో కొంత నూనెదే.

టీచర్ గారు కోప్పడలేదు. కోప్పడితే కొంచెం తేలిగ్గా ఉండేదేమో. "సరిచెయ్యి, తొందరేం లేదు" అని తాళాలు ఇచ్చి ఆటోలో వెళ్ళిపోయారు.

అదే వారంలో ఇంకోటి జరిగింది, అది ఇంకా పెద్దది. ఒక తెల్ల కారు వెనక బంపర్ మూల దగ్గర క్లియర్ కోట్, అంటే కలర్ పైన ఉండే రంగులేని పొర, దాటి కింద కలర్ కూడా పోయి నల్ల ప్లాస్టిక్ కనపడింది. రెండు సెకన్లు కూడా పట్టలేదు. రేకు అయితే వేడిని కొంచెం అటూఇటూ లాక్కుంటుంది, ప్లాస్టిక్ లాక్కోదు, వేడి ఉన్నచోటే ఉండిపోయి పెయింట్ మెత్తబడుద్ది, పైగా మూలల మీద, బాడీ మడతల అంచుల మీద పెయింట్ అసలే పల్చగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడంతా ఆ సన్న అంచు మీదే పడుద్ది. కారు యజమానికి అప్పుడే ఫోన్ చేసి చెప్పా, ఆయన వచ్చేదాకా దాన్ని ముట్టుకోలేదు. ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డుకి పంపి బంపర్ మొత్తం వేయించా, ఖర్చు నేనే పెట్టుకున్నా, అయినా ఆ బంపర్ మీద ఇప్పుడు ఉన్నది కంపెనీ పెయింట్ కాదు, అది నేను తిరిగి ఇవ్వలేను. ఆ రోజు సాయంత్రమే రోటరీ ప్లగ్గు తీసి పక్కన పెట్టేశా.

కొత్త కారు మీద పెయింట్ మొత్తం, అంటే తుప్పు పట్టకుండా వేసే అడుగు పొర, ప్రైమర్, కలర్, పైన క్లియర్ అన్నీ కలిపితే మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్ల దాకా ఉంటుందండి. మన తల వెంట్రుక దగ్గర దగ్గర 70 మైక్రాన్లు. అందులో మనం పాలిష్ చేసే క్లియర్ 40, 50 మైక్రాన్లు, అంతే. ఎండ నుంచి కలర్‌ని కాపాడేది ఆ పొరే. కటింగ్ అంటే దాన్ని కొంచెం కొంచెంగా తీసేయడమే, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్‌ని దించితే గీత మాయమవుద్ది. అంటే పాలిష్ చేసినప్పుడల్లా మీ కారు కొంచెం పోగొట్టుకుంటుంది, అది తిరిగి రాదు. ఇదంతా నాకు మాటల్లో తెలుసు, ఆ బంపర్ మూల చూసేదాకా చేతికి తెలీదు.

తర్వాత ఏం చేశానంటే, ఆటోనగర్ పాత సామాన్ల షాపుల్లో ఒక నల్ల బానెట్, ఒక డోరు, ఒక ప్లాస్టిక్ బంపర్ కొని షాపు వెనక స్టాండ్ల మీద పెట్టుకున్నా. మా బాబాయ్ స్నేహితుడు ఒక మేస్త్రి గారు, ముప్పై ఏళ్ళ పైనే టింకరింగ్ పెయింటింగ్‌లో ఉన్నారు, పొద్దున్న ఆరింటికి వస్తే నేర్పిస్తా అన్నారు. ఎండాకాలం కదా, ఎనిమిదిన్నర దాటితే రేకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి కాంపౌండ్ వేసింది వేసినట్టే ఎండిపోయి పొడి రేగేది, అందుకని ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకానే. మొదటి నాలుగు రోజులు ఆయన నాకు కాంపౌండే ఇవ్వలేదు. మెత్తటి ఫోమ్ ప్యాడ్ వేసి, బానెట్ మీద నీళ్ళు చల్లి, మిషన్‌ని సమంగా ఆనించి పట్టుకోమన్నారు. అది మూడు కేజీల దాకా ఉంటుంది, ప్యాడ్ సమంగా ఉంటే ఉన్నచోట ఉంటుంది, కుడివైపు రవ్వంత వాలితే ఒకవైపుకి లాక్కుపోతుంది, ఎడమకి వాలితే ఇంకోవైపుకి. నేను దాంతో కొట్లాడుతున్నా, మణికట్టు వాచిపోయింది. "నొక్కకు రా. దాని బరువు చాలు. నువ్వు దారి చూపించు అంతే" అన్నారాయన. ఐదో రోజుకి ఆ లాగుడే వాడుకుని పోవాల్సిన వైపుకి పోనివ్వడం మొదలైంది, ఆ పొద్దున నాకు కలిగిన సంతోషం నేను మొదటి కారు పాలిష్ చేసినప్పుడు కూడా కలగలేదు.

ఆ తర్వాత స్పీడు. నేను జనవరిలో 2,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) పైనే పెట్టి లాగించేవాణ్ణి, ఎక్కువ తిరిగితే ఎక్కువ మెరుపు అనుకుని. ఆయన కాంపౌండ్ పరవడానికి 600, కటింగ్‌కి 1,200 నుంచి 1,500, అంతకు మించి పోనివ్వలేదు. రెండడుగుల చదరం తీసుకోవడం, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, ముందు గీసిన దారిలో సగం మీదుగా తర్వాతది పోవడం, ఎక్కడా ఆగకపోవడం, ప్రతి చదరం అయ్యాక అరచేయి పెట్టి చూడటం, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపిస్తే స్పీడు ఎక్కువైనట్టు. అంచుల దగ్గర ప్యాడ్ అంచు మీంచి బయటికి తిరిగేలా పట్టుకోవాలి, బయట నుంచి అంచు మీదకి ఎక్కేలా పట్టుకుంటే కొరికేస్తుంది. వైరు భుజం మీంచి వెనక్కి వేసుకోవాలి, బెల్టు బకిలు పెయింట్‌కి తగలకుండా ఏప్రాన్. ఇవి కాగితం మీద రాస్తే పది లైన్లు, నా చేతికి ఎక్కడానికి దాదాపు పది వారాలు పట్టింది. ఆ నల్ల బానెట్‌ని నేను రెండుచోట్ల కావాలనే కాల్చి చూశా, ఎంతసేపట్లో పోతుందో, పోయే ముందు ఏం కనపడుద్దో, ఏ వాసన వస్తుందో తెలుసుకోడానికి. అది అలాగే షాపులో ఉంది, కారు ఇవ్వడానికి వచ్చినప్పుడు అడగండి, చూపిస్తా.

ఇప్పుడు ఎలా చేస్తున్నామో చెప్తా. కారు వచ్చాక ముందు కడిగి, పెయింట్ మందం కొలిచే మీటర్‌తో ప్రతి ప్యానెల్ మీద నాలుగైదు చోట్ల కొలిచి మీ ముందే రాస్తా. అది మొత్తం పెయింట్ ఎంతో చెప్తుంది గానీ అందులో క్లియర్ ఎంతో విడిగా చెప్పలేదు, ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు, అది కూడా ముందే తెలుసుకోండి. ఎక్కడన్నా 300 మైక్రాన్ల పైన చూపిస్తే అక్కడ మళ్ళీ పెయింట్ పడింది, కింద లప్పం కూడా ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇద్దరికి అలా తెలిసింది, బాధపడ్డారు గానీ తెలియడమే మంచిది. 90 కంటే తక్కువ చూపిస్తే ఆ ప్యానెల్ మీద కటింగ్ చేయను, ఎంత అడిగినా చేయను. గీత మీద గోరు పెట్టి లాగితే గోరు ఆగుతోందంటే అది పాలిష్‌తో పూర్తిగా పోదు, దాన్ని తీయాలని చూస్తే క్లియర్ పోద్ది, కాబట్టి అంచులు కొంచెం మొద్దు చేసి వదిలేస్తా.

బంపర్లు, మూలలు, బీడింగుల పక్కన, డోరు హ్యాండిల్స్ చుట్టూ రోటరీ పెట్టట్లేదు, అక్కడంతా చిన్న డీఏతోనే. అన్ని అంచులకీ టేపు. రోటరీ వాడేది బానెట్, టాప్, డోర్ల మధ్య భాగం, అది కూడా అవసరం ఉంటేనే, ముందు బానెట్ మీద ఒక చదరంలో మెత్తటి ప్యాడ్‌తో చూసి దానికే గీతలు పోతే అంతటితో సరి. రోటరీ పెట్టిన ప్రతిచోటా తర్వాత డీఏతో ఫినిషింగ్ కచ్చితంగా ఉంటుంది, హోలోగ్రామ్స్ ఉంటే అక్కడ పోతాయి. ఆ తర్వాత నీళ్ళలో కలిపిన ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి నూనె మొత్తం తీసేసి, అప్పుడు కారుని షెడ్డు బయట ఎండలో పెట్టి మీకు చూపిస్తా, మీరు సరే అన్నాకే వాక్స్. వర్షం పడుతుంటే కారు ఆ రోజు ఇవ్వను, మర్నాడు ఎండ వచ్చాక చూసి తీసుకెళ్ళండి. రోటరీ పట్టుకునేది నేనొక్కణ్ణే. మా కుర్రాడొకడు నేర్చుకుంటున్నాడు, వాడు ఇంకా పాత డోరు మీదే ఉన్నాడు, మేస్త్రి గారు చూసి చెప్పేదాకా మీ కారు మీద చెయ్యి వేయడు.

టైమూ రేటూ మారాయి. ఇంతకుముందు చిన్న కారుకి 2,500 తీసుకుని మూడు గంటల్లో ఇచ్చేశా, ఇప్పుడు 4,500, ఒకటిన్నర రోజు పడుతుంది, ఒక కారు అయ్యేదాకా ఇంకో కారు పట్టుకోను. ఇది కొంతమందికి ఎక్కువని తెలుసు. రెండు వేలకే చేసేవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్ళలో బాగా చేసేవాళ్ళూ ఉన్నారు, వెళ్ళినా నేనేమీ అనుకోను, కానీ డబ్బులు కట్టే ముందు కారుని ఎండలోకి తెచ్చి చూడండి. ఫిబ్రవరిలో అడ్వాన్స్ ఇచ్చి ఆగినవాళ్ళకి పాత రేటే.

ఇంకొకటి అడగాలి మిమ్మల్ని. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో ఇరవై కార్లు తుడుస్తారు చూడండి, ఒక్కోసారి పొడిగుడ్డతోనే దుమ్ము దులుపుతారు, మీ కారు మీద సాలెగూడులా కనపడే సన్న గీతల్లో ఎక్కువ భాగం అక్కణ్ణించే వస్తున్నాయి. తుడిచే మనిషిది తప్పు కాదు, వాళ్ళకి నీళ్ళు దొరకవు, టైము ఉండదు. వారంలో ఆరు రోజులు ముట్టుకోవద్దని చెప్పి, ఒక్కరోజు పైపుతో దుమ్ము పోయేలా నీళ్ళు కొట్టాక తుడవమనండి, జీతం అంతే ఇవ్వండి. నాకు పాలిష్ గిరాకీ తగ్గినా పర్లేదు, క్లియర్ మిగులుద్ది.

ఆ పదకొండు కార్లలో తొమ్మిది మళ్ళీ పిలిచి డబ్బులు తీసుకోకుండా సరిచేశా. టీచర్ గారి కారు అన్నిటికంటే చివర్లో చేశా, చెయ్యి కుదిరాక చేద్దామని, మొన్న శుక్రవారం ఎండలో పెట్టి చూపిస్తే ఆవిడ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చూసి, తాళాలు తీసుకున్నారు. ఇంకా రెండు మిగిలాయి, ఒకటి ఎర్ర ఐ20, ఒకటి గ్రే కలర్ బ్రెజ్జా, రెండూ జనవరి చివర్లో చేసినవి, వాళ్ళ ఫోన్ నంబర్లు మారినట్టున్నాయి, కలవట్లేదు. ఇది చదివితే సోమవారం తప్ప ఏ రోజైనా పొద్దున ఏడులోపు తీసుకురండి. మీకు తెలిసినవాళ్ళవి అయితే కొంచెం చెప్పండి.