ఆటలో ఎవరు గెలిచారని కాదు, ఎవరెంత మాట్లాడారని చూడండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇంగ్లీషును ఆటలతో నేర్పాలన్న మాట ఈమధ్య శిక్షణ తరగతుల్లో, సమీక్షల్లో తరచూ వినిపిస్తోంది. క్లాసులో ఆ పని చేస్తున్న మాకు సంతోషమే. భయమల్లా ఒకటే. ఈ మాట ఉత్తర్వుగా మారి బడి గడప తొక్కేసరికి 'వారానికో ఆటల పీరియడ్ పెట్టండి, ఫొటోలు తీసి పంపండి' అన్నంతగా కుంచించుకుపోతుందేమోనని. ఆ ఉత్తర్వు మీద సంతకం పడకముందే మేం చెప్పదలచుకున్నది చెబుతున్నాం.

ముందు ఒక చిన్న లెక్క. క్లాసులో 40 మంది, పీరియడ్ 40 నిమిషాలు అనుకుందాం. హాజరు, బోర్డు పని, నోటుపుస్తకాలు పోను 20 నిమిషాలు మిగిలాయి. టీచరు ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తే తలా అర నిమిషం. అందులోనూ సగం టీచరు ప్రశ్నకే పోతుంది. అదే పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి 10 నిమిషాల ఆట ఆడిస్తే ఒకేసారి 20 మంది మాట్లాడుతుంటారు. ఒక్కొక్కరి వాటా 5 నిమిషాలు. ఆట వల్ల మేలు ఏదైనా ఉందంటే అది ముందు ఈ లెక్కలో ఉంది. ఉత్సాహం, బెరుకు పోవడం, అన్నీ దాని తర్వాతే.

ఈ కొలబద్దతో చూస్తే బాగా పేరున్న ఆటలు కొన్ని తేలిపోతాయి. హ్యాంగ్‌మన్ తీసుకోండి. బోర్డు మీద గీతలు గీసి అక్షరాలు ఊహించమంటాం. క్లాసంతా కేకలు పెడుతుంది, కానీ 10 నిమిషాల్లో పిల్లల నోట వచ్చేవి విడి అక్షరాలే, ఒక్క వాక్యం ఉండదు. స్పెల్లింగ్ గుర్తుచేయడానికి 3 నిమిషాలు ఆడిస్తే చాలు. బోర్లించిన కార్డుల్లో జతలు వెతికే ఆటా అంతే. ఎవరూ చెప్పకపోతే పిల్లలు నోరు విప్పకుండానే ఆడి గెలిచేస్తారు. కార్డు తిప్పిన ప్రతిసారీ దాని మీద బొమ్మ గురించి ఒక పూర్తి వాక్యం చెప్పాలి, చెప్పకపోతే జత కుదిరినా కార్డులు తీసుకోకూడదు అని నియమం పెట్టండి. అదే ఆట, అవే కార్డులు, ఇప్పుడు ఒక్కో పిల్ల పదీ పదిహేను వాక్యాలు మాట్లాడుతుంది.

'సైమన్ సేజ్' సంగతి వేరు. విని, ఒంటితో చేసి చూపించే ఆట అది. 'సైమన్ సేజ్' అని మొదలయ్యే ఆజ్ఞలే పాటించాలి, మిగతావి పాటిస్తే ఔట్. మాట్లాడమని తొందరపెట్టకుండా ముందు వినిపించి, చేయించే పద్ధతిని జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960లలో 'టోటల్ ఫిజికల్ రెస్పాన్స్' పేరుతో అభివృద్ధి చేశారు. భాష కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు ఇప్పటికీ అది పనికొస్తుంది. చిక్కంతా 'ఔట్' దగ్గర ఉంది. సరిగ్గా అర్థంకాని పిల్లే అందరికంటే ముందు ఔటవుతుంది. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్లే గోడవారన చేతులు కట్టుకుని నిలబడతారు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు చివరిదాకా ఆడుతూ ఉంటారు. అందుకని ఔట్ తీసేయాలి. తప్పు చేస్తే ఒక పాయింటు పోతుంది, ఆట మాత్రం పోదు. ఏ ఆటనైనా బడికి పంపేముందు మీ అధికారులు అడగాల్సిన ప్రశ్న ఇది: ఓడిపోతున్న పిల్ల ఆ నిమిషంలో ఏం చేస్తుంటుంది?

మరి మాట్లాడక తప్పని పరిస్థితి ఎలా వస్తుంది? ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియనప్పుడు వస్తుంది. చేతిలో పెన్ను చూపిస్తూ 'వాట్ ఈజ్ దిస్?' అని టీచరు అడిగితే అది ప్రశ్న కాదు, పరీక్ష. జవాబు ఇద్దరికీ తెలుసు. ఎదుటివాడి కాగితం మీద ఏముందో నాకు కనిపించకపోతేనే నేను నిజంగా అడుగుతాను. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపించిన బెంగళూరు ప్రాజెక్టుకు ఇలాంటి ఆలోచనే పునాది. వ్యాకరణ పాఠాలు వరసగా చెప్పడం పక్కనపెట్టి, మ్యాపులు, టైంటేబుళ్లు ఇచ్చి లెక్కలు తేల్చమన్నారు. అర్థం కోసం తంటాలు పడుతుంటే భాష దానంతట అదే కుదురుకుంటుందన్నది ఆయన వాదన. అన్నట్టు, పిల్లల్ని గ్రూపులుగా విడగొట్టడం ఆయనకు ఇష్టముండేది కాదు. ఒకరి తప్పులు ఇంకొకరికి అలవాటవుతాయన్నది ఆయన అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. మేం గ్రూపుల వైపే ఉన్నాం గానీ, తప్పులు దిద్దే ఏర్పాటు లేకుండా గ్రూపులు పెట్టమని అడగం. ఆ సంగతి కొంచెం కిందకు వస్తుంది.

ఒక ఆటను దగ్గర నుంచి చూడండి. రెండు బొమ్మలు, ఎ, బి. రెండూ ఒకే గది. ఎ బొమ్మలో పిల్లి బల్ల మీద, బి బొమ్మలో బల్ల కింద. ఒకదాంట్లో రెండు కిటికీలు, ఇంకోదాంట్లో మూడు. ఇలా మొత్తం 8 తేడాలు. జంటలో ఇద్దరి మధ్య సంచి అడ్డంపెట్టి, ఒకరి బొమ్మ ఒకరు చూడకుండా, 8 నిమిషాల్లో 6 తేడాలు కనిపెట్టమనాలి. 8కి 8 అడగకండి. చివరి రెండింటి దగ్గర విసుగొచ్చి బొమ్మలు మార్చుకుని చూసేస్తారు. బోర్డు మీద రెండే వాక్యాలు: 'ఈజ్ దేర్ ఎ క్యాట్ ఇన్ యువర్ పిక్చర్?', 'దేర్ ఈజ్ ఎ క్యాట్ అండర్ ద టేబుల్'. 'బల్ల కింద పిల్లి ఉంది' అనే తెలుగు వాక్యంలో ఆ 'దేర్'కు గానీ, 'ఎ', 'ద'లకు గానీ సాటివచ్చే మాట లేదు. 'కింద' అనే మాట బల్ల తర్వాత వస్తుంది, ఇంగ్లీషులో ముందే వస్తుంది. వ్యాకరణం పీరియడ్‌లో ఇది ఎంత చెప్పినా రెండు వాక్యాలు రాసి మరిచిపోతారు. ఈ ఆటలో ఒక్కో పిల్ల అదే వాక్యాన్ని పదిసార్లకు పైగా, ప్రతిసారీ ఏదో ఒక అవసరం కొద్దీ అంటుంది.

ఇక్కడే ఒక పెద్ద ఫిర్యాదు వస్తుంది: 'ఆట మొదలవగానే పిల్లలు తెలుగులోకి దిగిపోతున్నారండీ.' దిగక ఏం చేస్తారు? పిల్లి గురించి ఇంగ్లీషులో చెప్పడం నేర్పాం. 'నీ వంతు', 'ఆగు', 'మళ్లీ చెప్పు', 'నాకు అర్థం కాలేదు', 'తొంగిచూడొద్దు', 'అయిపోయింది' అని చెప్పడం నేర్పలేదు. ఆట నడిచేదే ఆ మాటల మీద. 'ఇట్స్ యువర్ టర్న్', 'వెయిట్', 'సే ఇట్ అగైన్', 'ఐ డోంట్ అండర్‌స్టాండ్', 'నో పీకింగ్', 'వుయ్ ఆర్ డన్' అనే ఆరు ముక్కలు చార్టు మీద రాసి గోడకు అంటించి, మొదటి వారం ఆట కంటే ముందు వీటినే పలికించాలి. తెలుగు మాట్లాడితే జరిమానా లాంటివి అసలు పెట్టొద్దు. పెడితే పిల్లలు ఇంగ్లీషుకు మారరు, మౌనంగా కూర్చుంటారు. ఆట నియమాలు మాత్రం టీచరు తెలుగులోనే చెప్పినా మాకు అభ్యంతరం లేదు. ఇంకా మంచిదేమంటే చెప్పకుండా, ముందుకు ఒక పిల్లను పిలిచి రెండు ఎత్తులు ఆడి చూపించడం.

బింగోను చాలామంది కాలక్షేపం కింద తీసేస్తారు. సరైన చోట వాడితే అది పదునైన పనిముట్టు. 13 నుంచి 19 వరకు ఏడు అంకెలు, 30 నుంచి 90 వరకు పదుల లెక్కన ఏడు, మొత్తం 14. మూడు అడ్డం, మూడు నిలువు గళ్లు గీసుకుని వీటిలో 9 రాసుకోమనండి. ఒకరు అంకెలు పిలుస్తుంటే తమ గళ్లలో ఉన్నవి కొట్టేస్తూ పోవాలి, ముందుగా గళ్లన్నీ కొట్టేసినవాళ్లదే గెలుపు. 'థర్టీన్'లో రెండో భాగాన్ని, 'థర్టీ'లో మొదటి భాగాన్ని ఒత్తి పలుకుతారు. కానీ వరసగా లెక్కపెట్టేటప్పుడు ఇంగ్లీషువాళ్లు కూడా 'థర్టీన్, ఫోర్టీన్' అని మొదటి భాగాన్నే ఒత్తుతారు. మన పిల్లలు అంకెలు నేర్చుకునేది వరసగా వల్లెవేసే కదా, అందుకే రెండింటికీ తేడా చెవికి పట్టదు. బింగోలో అంకెలు చెదిరి వస్తాయి కాబట్టి తేడా వినక తప్పదు. మొదటి రెండు ఆటలు టీచరు పిలవాలి, ఆ తర్వాత పిల్లలే పిలవాలి. గెలిచిన పిల్ల తన గళ్లలోని అంకెలు పైకి చదివి ఒప్పించాలి. అక్కడ 'ఫిఫ్టీ' అనబోయి 'ఫిఫ్టీన్' అంటే గెలుపు పోతుంది. ఆ ఒక్క క్షణంలో జరిగే సాధన పది అభ్యాసాల పెట్టు.

రాయడానికి నడుస్తూ చేసే డిక్టేషన్ ఉంది. ఆరు వాక్యాల చిన్న పేరా గోడకు అంటిస్తారు. ఒకరు వెళ్లి చదివి, గుర్తుపెట్టుకుని వచ్చి చెబుతారు, గ్రూపులో ఇంకొకరు రాస్తారు. వాక్యానికొకసారి మనిషి మారాలి. వాక్యంలో 8 మాటలు దాటకూడదు. దాటితే గుర్తుండదు, పిల్ల అక్షరం అక్షరం మోసుకొస్తుంది, ఆట స్పెల్లింగ్ కూలీగా మారిపోతుంది. పేరాను ఒకేచోట అంటిస్తే తోపులాట అవుతుంది, మూడు నాలుగు చోట్ల అంటించాలి. పరుగెత్తితే ఆ వాక్యం చెల్లదనాలి. చివర్లో అసలు పేరాతో పోల్చుకుంటే 'ఎ', 'ద', మాట చివరి 'ఎస్' ఎక్కడెక్కడ జారిపోయాయో పిల్లలే పట్టుకుంటారు.

పెద్ద క్లాసులకు 'అలిబీ' ఇవ్వొచ్చు. ఏదో దొంగతనం జరిగింది. ఇద్దరి మీద అనుమానం. నిన్న సాయంత్రం 6 నుంచి 9 వరకు మేమిద్దరం కలిసే ఉన్నామని వాళ్లంటారు. బయటికెళ్లి 5 నిమిషాల్లో కథ అల్లుకుని, ఒకరి తర్వాత ఒకరు లోపలికొచ్చి క్లాసు అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. మూడు చోట్ల పొంతన కుదరకపోతే దొరికిపోయినట్టే. 'వేర్ యు వెంట్?' అనే తప్పు ఎంత మొండిదో ఇంగ్లీషు టీచర్లందరికీ తెలుసు. 'వేర్ డిడ్ యు గో?' అని ఒకే పీరియడ్‌లో ముప్పైసార్లు అడగాల్సివచ్చే సందర్భం పాఠ్యపుస్తకంలో మాకింతవరకు దొరకలేదు.

ఇక తప్పుల సంగతి. ఆట మధ్యలో ఆపి దిద్దకూడదు, ఆట చస్తుంది. దిద్దకుండా వదిలేయనూ కూడదు. టీచరు కాగితం పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ విన్న వాక్యాలు ఐదు రాసుకోవాలి, మూడు తప్పువి, రెండు బాగున్నవి. చివరి 5 నిమిషాల్లో పేర్లు చెప్పకుండా బోర్డు మీద రాసి, ఏది తప్పో, ఎలా దిద్దాలో పిల్లల చేతే చెప్పించాలి. ఈ 5 నిమిషాలు ఎగిరిపోతే ప్రభు గారి అభ్యంతరమే నిజమవుతుంది. గంట కొట్టేదాకా ఆడించడం మాలో చాలామంది చేసే తప్పు.

సామగ్రి పేరుతో రంగురంగుల కిట్లు కొనే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. పోతాయేమోనని అవి బీరువాలోనే ఉండిపోతాయి. జతల ఆటకు గ్రూపుకు 24 కార్డులు, నలుగురి చొప్పున 10 గ్రూపులకు 240. ఏ4 సైజు అట్టను ఎనిమిది ముక్కలు చేస్తే 30 అట్టలు చాలు. పల్చటి కాగితమైతే వెనక నుంచి రాత కనిపించి ఆట చెడుతుంది, అందుకే అట్ట కావాలి. ఒక్కో కట్ట వెనకవైపు ఒక్కో గుర్తు వేయాలి, లేకపోతే మొదటి రోజే కట్టలన్నీ కలిసిపోతాయి. కవరు మీద '24' అని రాసి, లెక్కపెట్టి తిరిగివ్వడం పిల్లల పనే. టీచరుకు కావాల్సింది ఆ అట్టలు, వాటిని కత్తిరించడానికి వారంలో ఒక ఖాళీ పీరియడ్.

మీ నుంచి మేం కోరుతున్నవి ఇవి. ఆటలకు వేరే పీరియడ్ పెట్టొద్దు. ఈరోజు నేర్పిన వాక్యాన్ని ఈరోజే, అదే పీరియడ్‌లో 10 నిమిషాలు ఆడించే వీలు పాఠ్యప్రణాళికలో ఉండాలి. అందుకు పాఠాల సంఖ్య కొంత తగ్గించక తప్పదు. బెంచీలు కదలవని భయం వద్దు, ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగితే గ్రూపు తయారు.

తనిఖీకి వచ్చే అధికారులకు ఒక మాట చెప్పండి. ఆట నడిచే క్లాసులో గోల ఉంటుంది. గుమ్మంలో నిలబడి వింటే అది అల్లరిలాగే ఉంటుంది. లోపలికొచ్చి ఏదో ఒక జంట పక్కన రెండు నిమిషాలు నిలబడి ఇంగ్లీషు వాక్యాలు లెక్కపెట్టమనండి. ఇద్దరి నుంచీ కలిపి పది వస్తే ఆ గోల మంచిదే. రెండే వస్తే టీచరుతో మాట్లాడాలి. ఫొటోలో ఈ తేడా కనబడదు.

శిక్షణలో ఆటల గురించి స్లైడ్లు వద్దు. టీచర్ల చేత ఆడించండి, అదీ వాళ్లకు బొత్తిగా రాని భాషలో ఓ 20 నిమిషాలు. వెనక బెంచీ పిల్లకు ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది మార్కులు. మాట్లాడటానికి మార్కులు లేనంతకాలం పరీక్షలు దగ్గరపడగానే ఆటలు ఆగిపోతాయి, టీచర్లను తప్పుపట్టి లాభం లేదు. నోటి పరీక్ష అసాధ్యమని మీకు చెబుతారు. 40 మందిని 20 జంటలు చేసి, జంటకు 4 నిమిషాలు ఇస్తే 80 నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. పైన చెప్పిన బొమ్మల ఆటనే ప్రశ్నపత్రం చేయొచ్చు. 10 మార్కుల్లో ఎదుటివాళ్లు చెప్పింది అర్థం చేసుకున్నందుకు 3, తను చెప్పింది అర్థమయ్యేలా చెప్పినందుకు 4, తిరిగి ప్రశ్న అడిగినందుకు 3. ఉచ్చారణకు విడిగా మార్కులు పెట్టకండి, పెడితే పిల్లలు మళ్లీ నోరు మూసుకుంటారు. ముందు కొన్ని బడుల్లో ఒక టర్ము పెట్టి చూడండి. బొమ్మల జతలు, మార్కుల పట్టిక మేమే తయారుచేసి ఇస్తాం, ఎప్పటికి కావాలో చెప్పండి.

ఇట్లు,
ఇంగ్లీషు బోధించే కొందరు ఉపాధ్యాయులు